ఎనిమిది నెలల పాట

చరిత్ర వ్యాసం రాయమంటే మా పదో తరగతిలో ఎక్కువమంది పావగడ కొండ మీది కోట గురించి రాశారు. ఇద్దరు కృష్ణదేవరాయల గురించి, ఒకడు టిప్పు సుల్తాను గురించి రాశాడు. నేను ఎనిమిది నెలలు మాత్రమే బతికిన ఒక పాటల బృందం గురించి రాస్తున్నాను. "ఇదేం చరిత్రరా?" అని మావాళ్ళు నవ్వారు. రాజ్యాలు ఎట్లా పుట్టినాయి, ఎందుకు పడిపోయినాయి అని రాయడమే చరిత్ర అయితే ఇందులోనూ అవన్నీ ఉన్నాయి. పైగా గుర్తుపెట్టుకోవాల్సిన సంవత్సరాలు రెండే, 2002, 2003.

ఆ బృందం పేరు వన్ ట్రూ వాయిస్. అయిదుగురు కుర్రాళ్ళు. ఆంటన్ గోర్డన్, మాట్ జాన్సన్, డేనియల్ పియర్స్, కీత్ సెంపుల్, జేమీ షా. ఇట్లాంటి గుంపును ఇంగ్లాండులో బాయ్ బ్యాండ్ అంటారు. బ్యాండ్ అనగానే మన పెళ్ళిళ్ళలో వచ్చే బ్యాండు మేళం అనుకోకూడదు. బాయ్ బ్యాండ్‌లో వాయిద్యాలు వాయించడం ముఖ్యం కాదు, నలుగురైదుగురు మగపిల్లలు కలిసి పాడాలి, ఆడాలి, చూడ్డానికి బాగుండాలి.

వీళ్ళు స్నేహితులు కారు. ఒక బడివాళ్ళు కారు, ఒక ఊరివాళ్ళు కారు. వీళ్ళను కలిపింది టీవీ. అందుకని ముందు ఆ టీవీ కార్యక్రమం సంగతి చెప్పాలి.

1999లో న్యూజిలాండ్‌లో పాప్‌స్టార్స్ అనే కార్యక్రమం మొదలైంది. పాడగలిగిన ఆడపిల్లలను పిలిచి, పరీక్షపెట్టి, అయిదుగురిని ఎంచి ఒక బృందం చేశారు. ఆ బృందం పేరు ట్రూబ్లిస్. కొత్తదనం ఏమిటంటే, పాట కన్నా ముందే జనం ఆ పిల్లలను ఎరుగుదురు. ఎవరు ఏడ్చారు, ఎవరు నవ్వారు, ఎవరికి గొంతు పోయింది అన్నీ వారం వారం చూశారు. పాట అంగడికి వచ్చేసరికి కొనేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. ఈ పద్ధతి వేరే దేశాలకూ పోయింది. ఇంగ్లాండులో 2001లో ఇదే పద్ధతిలో హియర్‌సే అనే బృందం వచ్చింది. దాని మొదటి పాట మొదటి వారంలోనే అయిదు లక్షలకు పైగా అమ్ముడైంది. అంత గొప్పగా మొదలైన బృందం 2002 అక్టోబరులో విడిపోయింది. ఏడాదిన్నర!

ఆశ్చర్యం ఏమంటే, హియర్‌సే విడిపోతున్న ఆ నెలలోనే అదే కార్యక్రమం రెండో విడత టీవీలో నడుస్తూ ఉంది. దాని పేరు పాప్‌స్టార్స్: ద రైవల్స్. రైవల్స్ అంటే ప్రత్యర్థులు. ఈసారి అయిదుగురు అబ్బాయిలతో ఒక బృందం, అయిదుగురు అమ్మాయిలతో ఒక బృందం చేసి, ఇద్దరికీ పందెం పెట్టారు. పందెం ఏమిటంటే క్రిస్మస్ వారంలో ఎవరి పాట మొదటి స్థానంలో ఉంటుందో చూడటం. మనకు సంక్రాంతికి ఏ హీరో సినిమా గెలిచింది అన్నది ఎంత పెద్ద విషయమో, ఇంగ్లాండులో క్రిస్మస్‌కు ఏ పాట మొదటి స్థానం అన్నది అంత పెద్ద విషయం. న్యాయనిర్ణేతలు ముగ్గురు, పీట్ వాటర్‌మన్, లూయీ వాల్ష్, జెరీ హాలివెల్. అబ్బాయిల బాధ్యత వాటర్‌మన్‌ది. అమ్మాయిల బాధ్యత వాల్ష్‌ది. ప్రజలు ఫోన్లు చేసి ఓట్లు వేశారు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన ఒక చిన్న సంగతి ఉంది. అమ్మాయిల్లో పది మందిదాకా వచ్చిన ఒకామె ఒప్పందం చదివి, దానిమీద సంతకం పెట్టనని తప్పుకుంది. మా తిరుమణిలో ఈ సంగతి చెబితే అందరికీ వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ సోలార్ పార్కు కోసం అయిదు ఊర్ల రైతులు దాదాపు 13,000 ఎకరాలు లీజుకు ఇచ్చారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. అగ్రిమెంటు అనే మాట మా ఊరిలో బడికి పోనివాళ్ళకు కూడా తెలుసు. సంతకం పెట్టేముందు ఎవరితోనైనా చదివించుకోవాలి అని మా జేజి ఇప్పటికీ అంటుంది. పాట పాడే పిల్లలకూ అదే వర్తిస్తుంది. కానీ పదహారు, పద్దెనిమిదేళ్ళ పిల్లలకు టీవీ కెమెరా ముందు కాగితం పెడితే ఎంతమంది చదువుతారు? ఆమె చదివింది. ఆమె పేరు ఇప్పుడు చాలామందికి గుర్తులేదు, అది వేరే సంగతి.

సరే, పందెం రోజు వచ్చింది. రెండు బృందాల పాటలూ 2002 డిసెంబరు 16న అంగడికి వచ్చాయి. అమ్మాయిల బృందం పేరు గర్ల్స్ అలౌడ్. వాళ్ళకు కొత్త పాట, కొత్త రకం గిటారు మోతతో ఇచ్చారు. అబ్బాయిలకు బీ జీస్ అనే పాత బృందం అంతకు ముందే పాడిన పాటను మళ్ళీ పాడించారు. వాటర్‌మన్ చాలా అనుభవం ఉన్నవాడు. 1980లలో ఎన్నో పాటలను మొదటి స్థానానికి తీసుకుపోయినవాడు. అందుకే కాబోలు, అతనికి పాత పద్ధతి మీదే నమ్మకం. అబ్బాయిలే గెలుస్తారని చాలామంది అనుకున్నారట, ఎందుకంటే బాయ్ బ్యాండ్ పాటలు కొనేది ఎక్కువగా ఆడపిల్లలు.

అమ్మాయిలు గెలిచారు. వాళ్ళ పాట నాలుగు వారాలు మొదటి స్థానంలో ఉంది. అబ్బాయిలది రెండో స్థానం.

రెండో స్థానం అంటే తక్కువా? మా బడిలో రెండో స్థానం వస్తే ఇంట్లో పాయసం చేస్తారు. కానీ ఇద్దరే ఉన్న పందెంలో రెండో స్థానం అంటే ఓడిపోవడమే. దేశమంతా వాళ్ళను ఓడిపోయినవాళ్ళుగానే చూసింది. ఇంకో తమాషా వినండి. అదే కార్యక్రమానికి పరీక్షకు వచ్చి, మొదట్లోనే వద్దనిపించుకున్న రుమేనియా కవల అక్కాచెల్లెళ్ళు చీకీ గర్ల్స్ అనే పేరుతో ఆ డిసెంబరులోనే సొంతంగా ఒక పాట విడుదల చేశారు. అది కూడా రెండో స్థానం దాకా పోయింది. అంటే నెలల తరబడి వడగట్టి, ఓట్లు వేయించి తయారుచేసిన బృందమూ, గుమ్మంలోనే వెనక్కి పంపిన ఇద్దరూ ఒకే మెట్టు ఎక్కారు.

ఆ తర్వాత ఆరు నెలలు అబ్బాయిల నుంచి కొత్త పాట లేదు. 2003 మే నెలలో అమ్మాయిల రెండో పాట వచ్చి రెండో స్థానం చేరింది. అబ్బాయిల రెండో పాట జూనులో వచ్చింది. దాన్ని రాసినవాడు రిక్ ఆస్ట్‌లీ, 1980లలో వాటర్‌మన్ దగ్గర పాడి పేరు తెచ్చుకున్న గాయకుడు. పాట పదో స్థానంలో ఆగింది. అయిదుగురిలో ఒకడు తప్పుకున్నాడు. ఆగస్టులో బృందం విడిపోయింది. ఒక్క ఆల్బమ్ కూడా రాలేదు. రెండు పాటలు, ఎనిమిది నెలలు.

ఎందుకు విడిపోయారు? పాత పాట ఇచ్చారు, ఆలస్యం చేశారు అని కారణాలు చెప్పొచ్చు. అవి నిజమే. నాకు మాత్రం ఇంకో కారణం పెద్దదిగా కనిపిస్తుంది. ఆ అయిదుగురిలో ప్రతి ఒక్కడూ మిగతావాళ్ళను దాటుకుని వచ్చాడు. ఓటు ఒక్కొక్కడికి విడిగా పడింది. వారం వారం "నువ్వు ఉండు, నువ్వు పో" అని విన్న తర్వాత, చివర్లో మిగిలినవాళ్ళను నిలబెట్టి "ఇప్పట్నుంచి మీరు అన్నదమ్ములు" అంటే ఎట్లా కుదురుతుంది? కబడ్డీలో మొదటిరోజే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గొలుసు కట్టలేము. ఎవడు ముందుకు దూకుతాడో, ఎవడు వెనక నిలబడతాడో తెలియాలి.

దీనికి సాక్ష్యం కూడా ఉంది. 2001లో హియర్‌సే బృందాన్ని ఎంచినప్పుడు చివరి పదిమందిలో అయిదుగురు ఓడిపోయారు కదా. ఆ ఓడినవాళ్ళు అయిదుగురూ తమంతట తాము కలిసి లిబర్టీ ఎక్స్ అనే బృందం పెట్టుకున్నారు. గెలిచిన బృందం 2002లోనే ముగిసింది. ఓడినవాళ్ళు అదే ఏడాది మొదటి స్థానానికి ఎక్కి, 2007 దాకా కలిసి పాడారు. మీరు అడగొచ్చు, మరి గర్ల్స్ అలౌడ్‌ను కూడా ఓట్లే కలిపాయి కదా, వాళ్ళు పదేళ్ళు ఎట్లా నిలిచారు అని. న్యాయమైన ప్రశ్న. వాళ్ళకు గెలుపు దొరికింది, మంచి పాటలు రాసేవాళ్ళు దొరికారు, కలిసి ఉండటానికి టైము దొరికింది. అబ్బాయిలకు ఆ టైము ఎవరూ ఇవ్వలేదు. 2010లో ఎక్స్ ఫ్యాక్టర్ అనే కార్యక్రమానికి ఒంటరి గాయకులుగా వచ్చి ఓడిపోబోతున్న అయిదుగురిని న్యాయనిర్ణేతలు కలిపితే వన్ డైరెక్షన్ అయింది. వాళ్ళు ఆ పోటీలో మూడో స్థానమే. అయినా ప్రపంచమంతా తిరిగి, అయిదు ఆల్బములు చేశారు. వాళ్ళు కూడా 2015 తర్వాత కలిసి పాడలేదు.

మన దేశానికి కూడా ఈ పద్ధతి వచ్చింది. 2002లో ఛానల్ వీ వాళ్ళు పాప్‌స్టార్స్ నడిపి అయిదుగురు అమ్మాయిలతో వీవా అనే బృందం చేశారు. మరుసటి ఏడాది ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలతో ఆస్మా అనే బృందం. వీవాలో కొద్దికాలానికే ఒకరు తగ్గి నలుగురయ్యారు, కొన్నేళ్ళకు ఆ నలుగురూ విడిపోయారు. ఆస్మా కూడా అంతే. ఆ బృందాల పేర్లు మా తరగతిలో ఒక్కరికీ తెలియవు. కానీ వీవాలో పాడిన నేహా భసీన్ గొంతు అందరికీ తెలుసు. జనతా గ్యారేజ్ (2016)లోనూ, జై లవకుశ (2017)లోనూ ఎన్టీఆర్ డాన్సు చేసిన పాటల్లో వినిపించేది ఆమె గొంతే. ఆస్మాలోని నీతి మోహన్ హిందీ సినిమాల్లో పెద్ద గాయని అయింది. బృందం పోయింది, గొంతులు మిగిలాయి.

మరి తెలుగులో ఇట్లాంటి బృందం ఎందుకు పుట్టలేదు? మాకు ఇంట్లో తెలుగు ఛానళ్ళూ వస్తాయి, కన్నడ ఛానళ్ళూ వస్తాయి. మూడు వైపులా ఆంధ్ర ఉన్న తాలూకా కాబట్టి మా నాయన ఒక పాట తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తాడు. రెండు భాషల్లోనూ పాటల పోటీలకు కొదవ లేదు. 1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలైంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు నడిపారు. కన్నడంలో కూడా ఆయనే ఎదె తుంబి హాడువెను నడిపారు. ఉష, మల్లికార్జున్ లాంటి గాయకులు పాడుతా తీయగా వేదిక మీద నుంచి వచ్చినవాళ్ళే. 2010 ఆగస్టు 15న మన అద్దంకి అబ్బాయి శ్రీరామచంద్ర ఇండియన్ ఐడల్ గెలిచాడు. వీళ్ళందరూ ఒంటరిగా వచ్చి ఒంటరిగా గెలిచినవాళ్ళు. మనకు పాట అంటే సినిమా పాట. సినిమా పాటలో తెర మీద హీరో ఒక్కడు, కాబట్టి వెనక గొంతు కూడా ఒక్కటే కావాలి. అయిదుగురు కలిసి ఒక హీరోకి పాడలేరు కదా! అందుకే మన పోటీలు బృందాలను తయారుచేయలేదని నా అభిప్రాయం.

కానీ బాలు గారి జీవితంలోనే ఒక మగపిల్లల బృందం ఉంది. అప్పటికి టీవీ లేదు, పోటీ మాత్రం ఉంది. బాలు గారు మొదట మనకు పక్కనే ఉన్న అనంతపురంలో ఇంజనీరింగ్ చదవడానికి చేరారు. టైఫాయిడ్ వచ్చి ఆ చదువు ఆగిపోయింది. తర్వాత మద్రాసులో చదువుతూ పోటీల్లో పాడేవారు. 1964లో ఒక తెలుగు సాంస్కృతిక సంస్థ పెట్టిన పోటీలో మొదటి బహుమతి వచ్చింది. ఆ పోటీల రోజుల్లోనే సంగీత దర్శకుడు ఎస్పీ కోదండపాణి గారి చెవిన పడ్డారు. 1966 డిసెంబరు 15న మొదటి సినిమా పాట రికార్డయింది. సినిమా పేరు శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న. ఎనిమిది రోజులకే రెండో పాట, అది కన్నడంలో, నక్కరె అదే స్వర్గ అనే సినిమాకు. (మా బడిలాంటి రెండు భాషల బడికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది!) తర్వాత సొంత స్టూడియో కట్టుకున్నప్పుడు దానికి కోదండపాణి గారి పేరే పెట్టారు.

సినిమా అవకాశాలు ఒక్కసారే వచ్చి పడలేదు. ఆ రోజుల్లో బాలు గారు వేదికల మీద పాడటానికి ఒక బృందం నడిపారు. అందులో హార్మోనియం అనిరుత్త. మిగతా ముగ్గురూ తమిళనాడులోని పణ్ణైపురం అనే పల్లె నుంచి వచ్చిన అన్నదమ్ములు. భాస్కర్ తాళవాద్యం, గంగై అమరన్ గిటారు. ఇంకో తమ్ముడు మొదట గిటారు, తర్వాత హార్మోనియం వాయించేవాడు. ఆ తమ్ముడే ఇళయరాజా. అంతకు ముందు ఆ అన్నదమ్ములు పెద్దన్న పావలర్ వరదరాజన్‌తో కలిసి పావలర్ బ్రదర్స్ అనే పేరుతో ఊరూరా తిరిగి పాడినవాళ్ళు.

ఈ బృందాన్ని ఎవరూ ఓట్లు వేసి కలపలేదు. ఇది కూడా ఎక్కువకాలం నిలవలేదు. బాలు గారు సినిమా పాటల్లో తీరిక లేకుండా అయ్యారు. 1976లో అన్నక్కిళి సినిమాతో ఇళయరాజా సంగీత దర్శకుడయ్యారు. కానీ విడిపోయిన తర్వాతే వాళ్ళిద్దరి అసలు పాట మొదలైంది. సాగర సంగమం (1983), రుద్రవీణ (1988) సినిమాలకు ఇద్దరికీ జాతీయ అవార్డులు వచ్చాయి, ఒకరికి పాడినందుకు, ఒకరికి స్వరపరిచినందుకు.

గొడవ కూడా వచ్చింది, దాచడం ఎందుకు. 2017లో బాలు గారు అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తన పాటలు అనుమతి లేకుండా పాడకూడదని ఇళయరాజా గారు లాయరు నోటీసు పంపారు. పాట మీద హక్కు ఎవరిది, కట్టినవాడిదా, పాడినవాడిదా, డబ్బు పెట్టినవాడిదా? పెద్దవాళ్ళే తేల్చుకోలేకపోయారు. మా ఇంట్లో మాత్రం దీని మీద పెద్ద చర్చ జరిగింది. మా నాయన ఇళయరాజా పక్షం, "భూమి లీజుకిస్తే మాత్రం మనది కాకుండా పోతుందా?" అన్నాడు. అమ్మ బాలు గారి పక్షం. 2019లో ఇద్దరూ మళ్ళీ ఒకే వేదిక మీద కనిపించారు. 2020లో బాలు గారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, తొందరగా లేచి రమ్మని ఇళయరాజా గారు వీడియోలో పిలిచారు. పేరు చివర గారు లేకుండా, బాలూ అని, వేదికల రోజుల్లో పిలిచినట్టే. ఆ సెప్టెంబరు 25న బాలు గారు వెళ్ళిపోయారు. నోటీసు పంపించేంత కోపం, అట్లా పిలిచేంత చనువు రెండూ ఒకరి మీదే ఉండాలంటే ఒకప్పుడు కలిసి లాంతరు వెలుగులో సామాను మోసి ఉండాలనిపిస్తుంది నాకు. టీవీ వాళ్ళు కలిపిన అయిదుగురిలో కీత్ సెంపుల్ అనే అతను 2015లో అమెరికాలో ద వాయిస్ అనే ఇంకో పోటీకి పోయాడు. గిటారు పట్టుకుని, ఒక్కడే.

ఇదంతా నేను వెతకడానికి ఒక కారణం ఉంది. మేము కూడా నలుగురం. ఏడో తరగతి నుంచి బడి ప్రార్థనలో, ఆగస్టు 15కు, నవంబరు 1 రాజ్యోత్సవానికి, శ్రీరామనవమి భజనకు కలిసి పాడుతున్నాము. ఒకడు హార్మోనియం, ఒకడు కంజీర. నేనూ ఇంకొకడూ పాడతాము. నా గొంతు పరవాలేదు, వాడిది చాలా బాగుంటుంది. ఈ మాట రాయడానికి నాకు బాధ లేదు. మార్చిలో ఎస్సెస్సెల్సీ పరీక్షలు అయిపోతే తెలుగు మీడియం కూడా అయిపోతుంది. ఇద్దరు పావగడలో పీయూసీ చేరతారు. ఒకడు ఇంటర్ చదవడానికి మడకశిర పోతాడు. నన్ను బెంగళూరు పంపాలని మా చిన్నాయన అంటున్నాడు. అంటే మా బృందానికి ఇంకా అయిదు నెలలు ఉంది.

ఇంతలో ఒక టీవీ పాటల పోటీ ఫారం వచ్చింది. వేసవిలో పరీక్ష. పాడేవాడి పేరు రాయడానికి అందులో ఒకే ఒక గీత ఉంది. మావాడు వారం రోజులు ఫారం ముట్టుకోలేదు. "మీరు లేకుండా నేను పోనురా" అన్నాడు. కంజీరవాడికి కోపం వచ్చింది, "మా పేరు చెప్పుకుని మానేస్తావా?" అని. నేను వాడికి బాలు గారి కథ చెప్పాను. వన్ ట్రూ వాయిస్ కథ కూడా చెప్పాను. రెండూ విని, "ఆ అయిదుగురూ ఇప్పుడు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారా?" అని అడిగాడు. దానికి జవాబు నాకు ఎక్కడా దొరకలేదు.

పోయిన ఆదివారం నలుగురం గుడి అరుగు మీద కూర్చుని ఆ ఫారం నింపాము. పేరు దగ్గర వాడి పేరు రాశాము. కూడా వచ్చేవాళ్ళు ఎంతమంది అన్న చోట 3 అని వేశాము.